రాళ్ళ పెట్టెతో నాలుగు రోజులు: శృంగవరపుకోట నుంచి కళింగపట్నం దాకా

మా బడిలో సాంఘికశాస్త్రం గదిలో ఒక చెక్కపెట్టె ఉంది. పన్నెండు గడులున్న ఆ పెట్టెలో పై వరుసను అగ్నిశిలలకు, నడిమి వరుసను అవక్షేప శిలలకు, కింది వరుసను రూపాంతర శిలలకు కేటాయించి, అట్టముక్కల మీద పేర్లు రాసి అతికించినవాణ్ణి నేనే. పై వరుస మొదటి గడిలో ‘గ్రానైట్’ అన్న చీటీతో నీలిబూడిద రంగు రాయి ఒకటి పద్దెనిమిదేళ్ళుగా కూర్చుని ఉంది. టెక్కలి వైపు ఒక పెళ్ళికి వెళ్ళినప్పుడు రోడ్డు పక్కన పారబోసిన ముక్కల్లోంచి ఏరి తెచ్చుకున్న రాయి అది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భూవిజ్ఞానం చదివిన నా మేనల్లుడు సంక్రాంతికి వచ్చినప్పుడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, జేబులోంచి చిన్న భూతద్దం తీసి కంటికి ఆనించుకుని, “మావయ్యా, ఇది గ్రానైటని ఎవరు రాశారు?” అని అడిగాడు. ఆ ప్రశ్నకు నేను వెంటనే జవాబు చెప్పలేదు.

ఫిబ్రవరి చివరి వారంలో, ఎండలు ముదరక మునుపే, రెండు సెలవురోజులకు మరో రెండు రోజులు సెలవు కలుపుకొని ఇద్దరం బయలుదేరాం. పెట్టెలోని మూడు వరుసలకూ విజయనగరం, శ్రీకాకుళం, ఈ మన రెండు జిల్లాల్లోనే రాళ్ళు సంపాదించాలన్నది నా పంతం. అది అంత సులువు కాదని అతనికి ముందే తెలుసు కాబోలు, దారి పొడుగునా ఏమీ అనకుండా నవ్వుతూనే ఉన్నాడు. మా సరంజామా అంతా ఒక సుత్తి, పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం, ఒక చాకు, పాత స్పీకరులోంచి ఊడదీసిన అయస్కాంతం, పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉన్న చుక్కల సీసా, రాళ్ళు చుట్టడానికి పాత వార్తాపత్రికలు, ఒక గోనెసంచి.

మొదటి రోజు: శృంగవరపుకోట

విజయనగరంలో ఉదయం బస్సెక్కి శృంగవరపుకోట చేరి, అక్కడ ఆటో మాట్లాడుకుని కొండల వైపు వెళుతుంటే రైల్వే గేటు పడింది. కొత్తవలస–కిరండూల్ మార్గం మీద బైలదిల్లా గనుల నుంచి విశాఖకు దిగే ఇనుప ఖనిజం రైలు అది. ఎర్రటి ధూళి కప్పిన పెట్టెలు ఒకదాని వెనుక ఒకటి పోతూనే ఉంటే, మేనల్లుడు గేటు కమ్మీ మీద మోచేతులు ఆన్చి, “చూశావా మావయ్యా, నీ నడిమి వరుస వెళ్ళిపోతోంది” అన్నాడు. అవక్షేప శిల అనగానే ఇసుకరాయి, సున్నపురాయి అని రెండు పేర్లు చెప్పి పాఠం ముగించే నాకు ఆ మాట కొంచెం ఆలస్యంగా అర్థమయింది. రెండువందల కోట్ల సంవత్సరాలకు పూర్వం సముద్రాల్లో కరిగి ఉన్న ఇనుము ఆక్సిజన్‌తో కలిసి, సిలికాతో పాటు పొరలు పొరలుగా అడుగుకు చేరిన పేరుడే ఈ ఖనిజానికి మూలం. రాయి అరిగి రేణువులై నీటిలో కొట్టుకువచ్చి పేరుకున్నా, నీటిలో కరిగి ఉన్నది విడివడి అడుక్కి దిగినా, జీవుల గుల్లలూ మొక్కల అవశేషాలూ పోగుపడినా అవన్నీ అవక్షేపాలే. ఇసుకరాయిది మొదటి దారి, ఈ ఇనుముది రెండో దారి, బొగ్గుది మూడో దారి.

ఘాట్ రోడ్డు మొదలైన కొంత దూరానికి, వానలకు చరియ జారి రాయి బయటపడిన చోట ఆటో దిగాం. దూరానికి కొండ అంతా తుప్పు పట్టినట్టు ఎర్రగా ఉంది. దగ్గరికి వెళ్ళి గోటితో గీకితే పై పొర పిండిలా రాలింది. లోపలి తెల్ల మచ్చలు ఒకప్పుడు ఫెల్డ్‌స్పార్ ఖనిజం అనీ, వానకూ గాలికీ మెత్తబడి తెల్లబంకమన్నుగా మారిపోయాయనీ మేనల్లుడు చెప్పి, పచ్చి రాయి కోసం లోపలి అంచున సుత్తితో నాలుగు దెబ్బలు వేశాడు. విరిగిన ముఖం మీద భూతద్దం పెట్టి చూసిన ఆ క్షణం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. పలుగురాయి (క్వార్ట్జ్) మెరుపుల నడుమ ముదురు ఎరుపు గింజలు ఒత్తుగా పొదిగినట్టు కూర్చున్నాయి. వాటిని చుట్టుకుని తెల్లటి సన్నని పీచు ఒకే దిక్కుకు దువ్వినట్టు సాగింది. ఆ ఎర్ర గింజలు గార్నెట్లు. పడమటి భాషల్లో ఆ పేరు దానిమ్మ నుంచే వచ్చిందంటారు, చూస్తే నమ్మక తప్పదు. పీచులా కనిపించేది సిల్లిమనైట్. అక్కడక్కడ వెండి పూతలా మెరిసే రేకలను వేలితో రాస్తే వేలు నల్లబడింది. మేనల్లుడు ఆ రాతి ముక్కతోనే నా నోటుపుస్తకంలో ఒక గీత గీసి, “పెన్సిల్లో ఉండే గ్రాఫైటే ఇది” అన్నాడు.

ఈ రాయి పేరు ఖోండలైట్. ఇప్పటి ఒడిశాలోని కలహండి ప్రాంతాన్ని సర్వే చేసిన వాకర్ అనే భూవిజ్ఞాని 1902లో, ఆ కొండల్లో నివసించే ఖోండు తెగ పేరు మీదుగా దీనికి ఆ పేరు పెట్టాడు. తూర్పు కనుమల్లో చాలా భాగం దీనితోనే తయారయింది. దీని పుట్టుక తెలుసుకోవాలంటే అందులోని ఖనిజాలను సాక్షులుగా పిలవాలి. సిల్లిమనైట్‌లో ఉన్నది అల్యూమినియం, సిలికాన్, ఆక్సిజన్. ఇంత అల్యూమినియం ఒక చోట పోగుపడాలంటే దానికి మామూలు దారి బంకమన్నే, ఎందుకంటే రాయి అరిగిపోయేటప్పుడు మిగతావి నీటితో కొట్టుకుపోగా అల్యూమినియం మన్నులో మిగిలిపోతుంది. గ్రాఫైట్ ఆ మన్నులో కలిసిన జీవపదార్థపు కర్బనానికి ఆనవాలు. కాబట్టి మేము సుత్తితో కొట్టిన ఆ గట్టి రాయి ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న ఒండ్రు. అది పాతిక కిలోమీటర్లకు పైబడిన లోతుకు కూరుకుపోయి, సుమారు 100 కోట్ల సంవత్సరాల క్రితం 900 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో, కరిగిపోకుండానే చాలావరకు కొత్త ఖనిజాలుగా మళ్ళీ స్ఫటికీకరించుకుంది. ఇదే రూపాంతరం.

తిరుగు దారిలో నాకు మార్కాపురం పలక గుర్తుకు వచ్చింది. చిన్నప్పుడు మేము అక్షరాలు దిద్దిన పలక కూడా మన్ను ముదిరి రాయి అయినదే. దానికి తగిలిన వేడి స్వల్పం, ఒత్తిడి మాత్రం గట్టిది, అందుకే రేకులు రేకులుగా చీలుతుంది. వేడి ఇంకా పెరిగితే అభ్రకం రేకలు కంటికి కనిపించేటంతగా ఎదిగి షిస్ట్ అవుతుంది. మరీ పెరిగితే నలుపు తెలుపు చారలుగా విడిపోయి నీస్ అవుతుంది. ఒకే బంకమన్ను మార్కాపురంలో పలక దగ్గర ఆగిపోయింది, మన ఘాట్ రోడ్డులో చివరి మెట్టు దాకా వెళ్ళింది. రూపాంతర శిలలను వర్గీకరించేటప్పుడు అవి మొదట ఏమిటన్నది ఒక ప్రశ్న, ఎంత వేడికి లోనయ్యాయన్నది ఇంకో ప్రశ్న, పొరలుగా ఉన్నాయా లేదా అన్నది మూడో ప్రశ్న. ఈ మూడింటినీ కలిపేసి ‘గ్రానైట్ నీస్‌గా, సున్నపురాయి పాలరాయిగా మారును’ అన్న ఒక్క వాక్యంతో నేను ఇన్నేళ్ళూ సరిపెట్టాను.

ఆ రాత్రి విజయనగరంలో దిగిన లాడ్జిలో చిన్న తప్పు చేశాం. గది నేలకు పరచినది నాపరాయి. నడిమి వరుసకు సరైన నమూనా ఏదీ దొరకలేదన్న దిగులులో ఉన్న నేను, మంచం కింద ఒక మూల ఆమ్లం చుక్క వేసి చూడమన్నాను. చుక్క పడగానే బుసబుసమని నురగ లేచింది. కాల్షియం కార్బొనేట్ కరిగి కార్బన్ డయాక్సైడ్ బయటికి పోవడం అది, సున్నపురాయి అని తేల్చుకోవడానికి ఇంతకన్నా సులువైన పరీక్ష లేదు. మధ్యాహ్నం ఖోండలైట్ మీద అదే చుక్క నీటిబొట్టులా ఊరకే నిలబడింది. రాయలసీమ వైపు ప్రాచీన సముద్రంలో పేరుకున్న ఈ సున్నపు ఒండ్రు మన కొండల్లాగా కాలిపోకుండా పొరలు పొరలుగా అలాగే మిగిలింది కనుకనే బండలుగా లేచి వచ్చి మన ఇళ్ళలో నేలగా పరుచుకుంటోంది. ఉదయం గది ఖాళీ చేసేటప్పుడు నున్నటి నేల మీద రూపాయంత మచ్చ మసకగా మిగిలి ఉంది. “ఏటండీ, నేల మీద ఏటి పోసేరు?” అని లాడ్జి ఆయన అడిగితే, పాఠం చెప్పబోయిన మేనల్లుణ్ణి ఆపి, వంద రూపాయలు ఎక్కువిచ్చి బయటపడ్డాను.

రెండో రోజు: రామతీర్థం, కోడూరు

రామతీర్థంలో స్వామి దర్శనం చేసుకుని బోడికొండ కింద అరగంట నిలబడ్డాం. కొండకు ఆ పేరెందుకు వచ్చిందో చూడగానే తెలుస్తుంది. చెట్టూ మన్నూ నిలవని నున్నటి గుండు అది. లోతున ఒత్తిడిలో పుట్టిన రాయి, పైనున్న భారమంతా కోతకు పోయాక ఊపిరి తీసుకున్నట్టు వ్యాకోచించి, ఉల్లిపాయ పొరల్లాగా వంపు తిరిగిన పెచ్చులుగా ఊడుతుంది. ఆ పెచ్చులను చూసి పొరలున్నాయి కాబట్టి అవక్షేప శిల అని ఒకప్పుడు మా పిల్లవాడు ఒకడు పరీక్షలో రాస్తే సున్నా వేశాను. వాడు చూసినది తప్పు కాదు, ఆ పొర ఎప్పుడు పుట్టిందో వాడికి నేను చెప్పకపోవడమే తప్పు. అవక్షేపపు పొర రాయి పుట్టేటప్పటిది, ఈ పెచ్చు రాయి పైకి తేలాక వచ్చినది.

నెల్లిమర్ల నుంచి చీపురుపల్లి దారి పట్టి, గరివిడి దాటి కోడూరు వైపు వెళ్ళేసరికి మిట్టమధ్యాహ్నమయింది. మన దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైనది 1892లో, ఈ విజయనగరం ప్రాంతంలోనే. పని ఆగిపోయిన ఒక పాత గుంత అంచున నిలబడితే, అడుగున ఆకుపచ్చటి నీళ్ళు, గోడల మీద తెల్లబంకమన్ను, పసుపు మట్టి, మధ్యలో తారు పూసినట్టు నల్లటి చారలు కనిపించాయి. కట్ట మీద దొరికిన నల్లటి గడ్డను చేతిలోకి తీసుకోగానే దాని బరువుకు మణికట్టు కిందికి వాలింది. కింద పెట్టాక చూసుకుంటే అరచెయ్యి మసిబట్ట పట్టుకున్నట్టుంది. ఆ నలుపు సబ్బుతో రెండు సార్లు కడిగినా గీతల్లోంచి పోలేదు.

ఈ ఊరి పేరు మీద ఒక రాయి ఉందన్న సంగతి ఇక్కడివాళ్ళలోనే చాలామందికి తెలియదు. 20వ శతాబ్దం మొదటి దశకంలో దేశంలోని మాంగనీసు గనులన్నీ తిరిగి పరిశీలించిన ఫెర్మోర్ అనే భూవిజ్ఞాని, ఈ గనుల్లో కనిపించిన ఒక వింత రాతికి ‘కోడురైట్’ అని పేరు పెట్టాడు. పొటాషియం ఫెల్డ్‌స్పార్, ఎపటైట్, మాంగనీసు నిండిన గార్నెట్ అందులోని ముఖ్య ఖనిజాలు. ఆ గార్నెట్ అటు స్పెస్సర్టైన్ గానీ ఇటు ఆండ్రడైట్ గానీ పూర్తిగా కాక, రెంటి నడుమ ఉండడంతో, రెండు పేర్లనూ అతికి ‘స్పాండైట్’ అన్నాడు. సంధులు చేసుకునే అలవాటు మనకొక్కళ్ళకే లేదన్నమాట.

నాకు ఆసక్తి కలిగించినది పేరు కన్నా ఆ రాయి తర్వాత అనుభవించిన వ్యవహారం. ఫెర్మోర్ దాన్ని అగ్నిశిల అన్నాడు. మాంగనీసు సమృద్ధిగా ఉన్న శిలాద్రవం ఒకటి కింది నుంచి ఖోండలైట్ల నడుమకు చొచ్చుకువచ్చి గడ్డకట్టిందని, తర్వాత అది నీటి ప్రభావానికి శిథిలమై ఈ ఖనిజమూ ఈ తెల్లమన్నూ ఏర్పడ్డాయని ఆయన భావించాడు. శిథిలం కావడం సంగతి నిజమే, గుంత గోడలే దానికి సాక్ష్యం. అయితే సాధారణంగా శిలాద్రవంలో మాంగనీసు ఒక శాతం కూడా ఉండదు. సముద్రపు అడుగున ఒండ్రుతో పాటు మాంగనీసు పేరుకోవడం మాత్రం ఇప్పటికీ జరుగుతున్న సంగతే. అందుకే తర్వాతి పరిశోధకులు దీన్ని వేరే విధంగా చదివారు. మాంగనీసుతో నిండిన అవక్షేపాలు, ఖోండలైట్‌కు మూలమైన బంకమన్నుతో పాటే కూరుకుపోయి, అదే వేడికి రూపాంతరం చెందుతుండగా, గ్రానైట్ వంటి ద్రవం వాటిలోకి చొరబడి కలిసిపోవడం వల్ల ఈ సంకర జాతి రాయి పుట్టిందని వారి వాదన. పెట్టెలో అయితే ఇది పై వరుస నుంచి కింది వరుసకు దిగినట్టు లెక్క, దాని మూలాన్ని బట్టి చూస్తే నడిమి వరుసలోనూ దీనికి ఒక కాలుంది.

కాపలా ఉన్న పెద్దాయన మా గోనెసంచి వైపు అనుమానంగా చూసి, “అది అమ్ముకుంటే ఏటొస్తాది బాబూ, బరువు తప్ప” అన్నాడు. బడిపిల్లల కోసమని చెప్పాక తనే వెదికి, గార్నెట్ మిలమిల మెరుస్తున్న పిడికెడు ముక్కను తెచ్చి ఇచ్చాడు. కిందటి తరంలో తన తండ్రి ఈ గుంతల్లోనే గంపలు మోశాడట.

మూడో రోజు: టెక్కలి

ఆమదాలవలస మీదుగా జాతీయ రహదారి పట్టి టెక్కలి వెళుతుండగా, రోడ్డు పనికి పోసిన కంకర గుట్ట దగ్గర మేనల్లుడు బస్సు దిగిపోదామన్నాడు. ఎండలో దిగడం నాకిష్టం లేదు కానీ దిగాను. గుట్టలో నూనె రాసినట్టు జిడ్డుగా మెరిసే ముదురు రంగు రాళ్ళున్నాయి, వాటిలోని పలుగు కూడా లేత నీలంగా ఉంది. అది చార్నకైట్. కలకత్తా నగరంతో ముడిపడిన ఈస్టిండియా కంపెనీ అధికారి జాబ్ చార్నాక్ సమాధి మీది రాయి మద్రాసు దగ్గరి నుంచి తెచ్చినది. హాలండ్ అనే భూవిజ్ఞాని 1893లో ఆ జాతి రాళ్ళన్నిటికీ ఆ సమాధిరాయి పేరే ఖాయం చేశాడు. హైపర్‌స్తీన్ అనే ఖనిజం ఉన్న గ్రానైట్ వంటి రాయి ఇది. నీరు దాదాపు లేని పరిస్థితిలో, చాలా లోతున, చాలా వేడిలో పుట్టింది కనుకనే ఆ ఖనిజం నిలబడింది. హాలండ్ దీన్ని అగ్నిశిల అన్నాడు. కొన్ని చోట్ల అది నిజంగానే శిలాద్రవం గడ్డకట్టగా ఏర్పడినదని, మరికొన్ని చోట్ల పాత నీస్ ఆ వేడికి ఉన్నచోటనే మారిపోయి అలా అయిందని ఇప్పుడు అంగీకరిస్తున్నారు. పక్కపక్కన పెడితే రెండూ ఒకేలా కనిపిస్తాయి. కోడూరు తర్వాత ఇది రెండో దెబ్బ. పెట్టెలో వరుసల మధ్య చెక్కపలకలు పెట్టించినందుకు వడ్రంగికి ఇచ్చిన డబ్బు వృథా అయిందేమోనన్న ఆలోచన అప్పుడే మొదలయింది.

క్వారీకి మమ్మల్ని తీసుకువెళ్ళినది మేనల్లుడి స్నేహితుడి బంధువు, అక్కడ మేస్త్రీ. మెట్లు మెట్లుగా కోసిన గొయ్యి అది. వజ్రపు పూసలు గుచ్చిన తీగ నీళ్ళు చిమ్ముకుంటూ రాతిలోంచి సాగిపోతుంటే, కత్తి వెన్నలోకి దిగినంత నిశ్శబ్దంగా ఏమీ లేదు, చెవులు గింగురుమన్నాయి. మందు పెట్టి పేలిస్తే బ్లాకుకు కంటికి కనిపించని పగుళ్ళు పడతాయని, అందుకే కోతకే మొగ్గని మేస్త్రీ చెప్పాడు. ఎండకు బూడిద రంగులో నిర్జీవంగా కనిపిస్తున్న ఒక బ్లాకు మీద అతను సీసాలోని మంచినీళ్ళు ధారగా పోశాడు. నీరు పాకిన మేరకే రాయి మేల్కొన్నట్టు నీలం, నలుపు, తెలుపు అలలు బయటపడ్డాయి. అలల నడుమ గార్నెట్ ఎర్రటి చుక్కలు. రెండు నిమిషాల్లో తడి ఆరి, రాయి మళ్ళీ బూడిదైంది. మా బడి పెట్టెలోని రాయికి తోబుట్టువు ఇదేనని నాకు అర్థమయింది.

“ఇది గ్రానైట్ కాదండీ” అని మేనల్లుడు అన్నాడో లేదో మేస్త్రీ నా వైపు తిరిగి, “ఏటి మాస్టారూ, బిల్లు మీదా గ్రానైటే, లారీ పర్మిట్టు మీదా గ్రానైటే, బాబేటి గ్రానైట్ కాదంతాడు?” అన్నాడు. ఇద్దరి మాటా నిజమే. వ్యాపారంలో గ్రానైట్ అంటే ఆమ్లానికి కరగని, చాకుకు గీత పడని, పాలిష్ పట్టే గట్టి రాయి. అందుకే డోలరైట్, గాబ్రో వంటివి ‘బ్లాక్ గ్రానైట్’ పేరుతో సమాధుల మీదికి, వంటగట్ల మీదికి వెళుతున్నాయి. భూవిజ్ఞానంలో గ్రానైట్ అంటే శిలాద్రవం లోతున నెమ్మదిగా చల్లారి, ఖనిజాలు కంటికి కనిపించేంతగా ఎదిగిన అగ్నిశిల. అందులోని పలుగు, రెండు రకాల ఫెల్డ్‌స్పార్‌ల మొత్తంలో పలుగు వాటా 20 నుంచి 60 శాతం దాకా ఉండాలి. అదే ద్రవం పైకి వచ్చి త్వరగా చల్లారితే గింజలు ఎదగవు, రాయి సన్నగా రయొలైట్ అవుతుంది. సిలికా 52 శాతం లోపు ఉన్న ద్రవం లోతున గాబ్రోగా, పైన బసాల్ట్‌గా గడ్డకడుతుంది. కాబట్టి అగ్నిశిలల వర్గీకరణకు రెండే కొలతలు: గింజ ఎంతదన్నది చల్లారిన వేగాన్ని చెబుతుంది, ఖనిజాలు ఏమిటన్నవి ద్రవం కులగోత్రాలను చెబుతాయి. ఆ అలలున్న రాయి ఈ రెండు కొలతలకూ లొంగదు. అది సగం కరిగిన నీస్. రాతిలో సులువుగా కరిగే భాగం ద్రవమై తెల్లటి చారలుగా విడిపోగా, కరగనిది నల్లటి చారగా మిగిలి, రెండూ కలిసి పిండిలా మెలితిరిగాయి. ఫిన్లాండ్‌కు చెందిన సెడర్‌హోమ్ 1907లో ఇలాంటి కలగలుపు రాళ్ళకు మిగ్మటైట్ అని పేరు పెట్టాడు. కొనేవాళ్ళు ముచ్చటపడేది ఆ మెలికలనే. అవి లేకపోతే రాయి చవకని మేస్త్రీ అన్నాడు.

నిక్కమైన అగ్నిశిల కోసం గొయ్యి గోడలు వెతికితే, నీస్ చారలను అడ్డంగా కోసుకుంటూ జానెడు వెడల్పున తెల్లటి, గులాబీ రంగు పట్టీ ఒకటి పోతూ కనిపించింది. దానిలో ఫెల్డ్‌స్పార్ పలకలు అగ్గిపెట్టెలంత ఉన్నాయి, పలుగు గాజుపెంకులా మెరిసింది, అభ్రకం రేకులు పుస్తకం పుటల్లా గోటితో లేచి వచ్చాయి. ఇది పెగ్మటైట్, శిలాద్రవంలో చివరికి మిగిలిన, నీటి ఆవిరి నిండిన భాగం పగుళ్ళలోకి పాకి గడ్డకట్టినది. నీస్‌ను కోసుకుంటూ వచ్చింది కనుక దానికన్నా చిన్నది. మేస్త్రీకి ఇది శత్రువు, ఈ పట్టీ తగిలితే బ్లాకు పనికిరాదు. మాకు మాత్రం పై వరుసకు దొరికిన మొదటి నిఖార్సైన నమూనా ఇదే. పారబోతలోంచి ఎంత కావాలంటే అంత తీసుకోమన్నాడు.

తిరిగి వస్తుంటే రోడ్డు దిగువన ఒక చెరువు మొదట్లో కోత నీళ్ళతో వచ్చిన తెల్లటి బురద పేరుకుని పగుళ్ళు బారి ఉంది. ఎవరు వదిలారో చెప్పేవాళ్ళు లేరు. చెరువు కింద పొలం ఉన్న ఒక రైతు మాత్రం, “వానొస్తే ఇదంతా మా మడిలోకే” అని ఆ బురద మీద కర్రతో గీత గీసి చూపించాడు.

నాలుగో రోజు: నౌపడా, వంశధార, కళింగపట్నం

నడిమి వరుస సంగతి మర్చిపోలేదు. నౌపడా ఉప్పు మడుల దగ్గరికి తెల్లవారుజామునే వెళ్ళాం. మడి అంచున పనిచేస్తున్న ఒకామె పారతో ఉప్పు పోగు చేస్తూ, “మీదడుగెయ్యకండి బాబూ, మట్టయిపోతాది” అని హెచ్చరించింది. పక్కకు నిలబడి చూశాం. కిలో సముద్రపు నీటిలో ఉండే లవణాలు సుమారు 35 గ్రాములు. ఎండకు నీరు ఇగిరేకొద్దీ మొదట కాల్షియం కార్బొనేట్, తర్వాత జిప్సం విడివడతాయి. నీరు మొదటి పరిమాణంలో పదో వంతుకు చేరేటప్పుడు మామూలు ఉప్పు స్ఫటికాలు కడుతుంది. చేదు లవణాలు ఆఖరున నీటిలోనే మిగిలితే, ఆ నీటిని బయటికి వదిలేస్తారు. వాళ్ళు మడి తర్వాత మడికి నీరు మార్చే పని వెనుక ఉన్నది ఈ వరుసే. ప్రాచీన సముద్రాలు ఎండిన చోట ఇదే వరుసలో పొరలు పేరుకుని రాళ్ళయ్యాయి, మన వంటింటి సైంధవ లవణం అలా దొరికే రాయే. భూతద్దం కింద ఉప్పు కల్లు చతురస్రపు మెట్లుగా, లోపలికి గుంట పడిన చిన్న గోపురంలా కనిపించింది. ఆమె ఇచ్చిన గుప్పెడు కల్లు రసాయన అవక్షేపానికి నమూనాగా సీసాలోకి చేరింది, కాకపోతే వానాకాలంలో మూత గట్టిగా బిగించాలి.

మధ్యలో శ్రీముఖలింగం వెళ్ళి వచ్చాం. ఇక్కడ కళింగనగరాన్ని ఏలిన గంగ వంశీయులే తర్వాత ఉత్తరానికి తరలి, 13వ శతాబ్దంలో మొదటి నరసింహదేవుని కాలంలో కోణార్క ఆలయం కట్టారు. దానికి వాడిన ముఖ్యమైన రాయి ఖోండలైట్. చెక్కడానికి అనువైనదే కానీ, ఘాట్ రోడ్డులో నా గోటికి పిండిలా రాలిన ఆ ఫెల్డ్‌స్పార్ కోణార్కలో సముద్రపు గాలికీ అలాగే రాలిపోతోంది. మధుకేశ్వరుని గుడి ముందు దీని గురించి మాట్లాడుతుంటే అర్చకులు వచ్చి, తలుపులు వేసే వేళయిందని తొందరపెట్టారు.

కళింగపట్నం చేరేసరికి పొద్దు వాలుతోంది. వంశధార సముద్రంలో కలిసే చోట ఇసుక మీద నల్లటి చారలు అలల ఆకారంలోనే పరుచుకుని ఉన్నాయి. తేలిక రేణువులను అల వెనక్కి లాక్కుపోగా, బరువైనవి ఒడ్డునే మిగిలిపోవడం వల్ల ఏర్పడే చారలవి. నేను చారలోంచి చిటికెడు తీసి అరచేతిలో పరిచి భూతద్దం పెట్టాను. నల్లగా మెరిసేది ఇల్మనైట్. వాటి మధ్య గులాబీ రంగు నుంచి ముదురు ఎరుపు దాకా గార్నెట్లు, అంచులు అరిగి గుండ్రబడి ఉన్నాయి. రంగు లేని పొడుగాటి పుల్లలు సిల్లిమనైట్. అయస్కాంతం దగ్గరికి పెడితే మాగ్నటైట్ రేణువులు చీమల్లా లేచి అంటుకున్నాయి, మిగతావి కదల్లేదు. భావనపాడు నుంచి శ్రీకూర్మం తీరం దాకా ఈ బరువు ఖనిజాల నిక్షేపాలు ఉన్నాయి, జిర్కాన్, రూటైల్, మోనజైట్ కూడా వాటిలో కలిసే ఉంటాయి.

మొదటి రోజు ఘాట్ రోడ్డులో చూసిన గార్నెట్‌నూ ఈ గార్నెట్‌నూ మేనల్లుడు కాగితం మీద పక్కపక్కన పెట్టాడు. ఒకటి రాతిలో ఇంకా ఇరుక్కుని ఉంది, రెండోది విడుదలై నదుల వెంట వచ్చింది. ఖోండలైట్, చార్నకైట్ కొండలు అరిగి నాగావళీ వంశధారలతో దిగిన సరుకే ఈ తీరం. రేణువు 2 మిల్లీమీటర్లకు లోబడి, మిల్లీమీటరులో పదహారో వంతుకు పైబడి ఉంటే దాన్ని ఇసుక అంటారు. ఇది కూరుకుపోయి, సిలికాయో సున్నమో బంధించి, గట్టిపడితే ఇసుకరాయి అవుతుంది. నది ఇంకా సన్నగా మోసుకువచ్చిన బురద లోతు నీటిలోకి పోయి పేరుకుంటే షేల్ అవుతుంది. షేల్ కూరుకుపోయి కాలితే ఏమవుతుందో మేము శృంగవరపుకోటలో చూసే వచ్చాం. కొండ పుట్టినప్పుడు దానికి ఆనుకుని ఉన్న నేల ఇప్పుడు తూర్పు అంటార్కిటికా తీరంలో ఉంది, అక్కడా చార్నకైట్లే. మేము నిలబడిన చోట సముద్రం పుట్టినది రెండు భూభాగాలూ సుమారు 13 కోట్ల సంవత్సరాల క్రితం విడిపోవడం మొదలయ్యాకే.

చీకటి పడ్డాక శ్రీకాకుళం బస్సు కోసం కూర్చున్న అరుగు మీద, టార్చి వెలుగులో చీటీలు రాశాం. పాత రాయి మీది ‘గ్రానైట్’ను కొట్టేసి ‘మిగ్మటైట్, టెక్కలి’ అని రాశాను. దాని గడిలోకి పెగ్మటైట్ వచ్చింది. చార్నకైట్, కోడురైట్ చీటీల మీద వరుస పేరు రాయలేదు, పలక ఊడదీసి వాటికి రెండు గడులు కలిపి ఇవ్వమని వడ్రంగితో చెప్పాలి. కళింగపట్నం ఇసుక సీసా మీద నేను ‘అవక్షేపం’ అని రాస్తే, పక్కన మేనల్లుడు ‘ఇంకా రాయి కాలేదు’ అని చేర్చాడు. నాపరాయికి లాడ్జి ముక్క తేలేకపోయాం కనుక మా ఇంటి అరుగు మరమ్మతులో మిగిలిన ముక్క ఒకటి వాడాలి.

పై వరుసలో బసాల్ట్ గడి ఖాళీగానే ఉంది. లావా గడ్డకట్టిన రాయి ఈ రెండు జిల్లాల్లో మా కంటికి ఎక్కడా పడలేదు. రాజమండ్రి దగ్గర గోదావరికి ఇరువైపులా అది ఉందని, దక్కను లావా కాలానికి చెందినదని మేనల్లుడు చెప్పి, “అక్కడ మన చిన్నత్త ఉంది కదా మావయ్యా” అన్నాడు. బస్సు వచ్చింది. కండక్టరు గోనెసంచిని కాలితో కదిపి చూసి, లోపల ఏముందని అడిగాడు. రాళ్ళని చెబితే కాసేపు మా ఇద్దరి మొహాలూ చూసి, ఒక లగేజీ టిక్కెట్టు కొట్టాడు.